పాయింట్ సిక్స్ వైరు

4, సోమవారం

అక్క తెచ్చిన వెల్డింగ్ వైరు చుట్ట మీద లేబుల్ లేదు. షాపు నుంచి ఇంటికొచ్చేలోపు లేబుల్ ఎక్కడికి పోతుంది? "సంచిలో నీళ్ళ సీసా కారింది, తడిసి ఊడిపోయింది" అంది. సంచి తడిమి చూశాను, పొడిగానే ఉంది. ఎండకి ఆరిపోయిందేమోలే అన్నారు మా ఆయన. ఆయనకి లోకంలో అందరూ మంచివాళ్ళే.

స్క్రూగేజి పెట్టి మందం చూస్తే పాయింట్ ఎయిట్ మిల్లీమీటరు.

"అక్కా, రేకు పనికి పాయింట్ సిక్స్ కావాలని చెప్పాను కదా!"

"షాపులో ఇదే ఉంది. వెంట్రుకవాసి తేడాకి కొంప మునగదులే, సర్దుకో."

వెంట్రుకవాసి తేడా అట! మునిగేది నా కొంప కదా, ఆవిడకేం. లావు వైరు కరగాలంటే కరెంటు ఎక్కువ పెట్టాలి. ఎక్కువ పెడితే ఆ కాగితం లాంటి రేకుకి చిల్లు. తక్కువ పెడితే వైరు కరక్కుండా రేకుని పొడుస్తుంది. ఇన్నేళ్ళు స్టోరు చూసిన మనిషికి ఇది తెలీదంటే నేను నమ్మాలా? పేరుకే అక్క. తోడికోడలు తోడబుట్టింది ఎక్కడవుతుంది?

ఆసుపత్రి వాళ్ళకి మంచాల పక్కన పెట్టే అల్మారాలు కావాలి. నమూనా ఒకటి పదహారో తారీకు శనివారం చూపించాలి. గ్రైండర్ మా ఆయన కుడిచేతి నరాలు తెంపేశాక రేకు పనికి ఇంట్లో మిగిలింది నేనే. షెడ్డు నడిపే బావగారు ఉన్నమాట చెప్పేశారు. "శనివారం పాస్ అయితే ఆ రేకు పని బల్ల నీదేనమ్మా. కాకపోతే బయటి వెల్డర్ని పెట్టుకుంటా, ఏమీ అనుకోకు." అంటే అప్పుడు నేను వంటింట్లో గరిటె పట్టుకోవాలి, ఆయన మేడ మీద మంచం పట్టాలి. మేమిద్దరం ఆ ఇంట్లో వాళ్ళు పెట్టింది తింటూ బతకాలి. ఆ బతుకు నాకొద్దు. నాకు ఆ బల్ల కావాలి.

అక్కకి అది ఇష్టం లేదు. మొహం చూస్తే తెలియదా ఏమిటి!

5, మంగళవారం

చిల్లులు. పక్కన చూస్తే అక్కడా చిల్లులు. ముక్క రేకు మీద పదిసార్లు ప్రయత్నించాను. ఆయన నేర్పినట్టే చేశాను. ఒకచోట చుక్క, దూరంగా ఇంకో చుక్క, వేడి ఆరనిచ్చి మెల్లిగా మధ్యలోకి రావడం. అయినా చివరికి జల్లెడే తయారైంది.

బావగారు ఆ ముక్కని వెలుతురికి పట్టుకుని అందులోంచి నన్ను చూశారు. "వైరు సరైంది కాదు బావగారూ" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడు అనకూడదమ్మా" అని నవ్వారు. ఆయన నవ్వితే నాకు భయం. కోప్పడేవాళ్ళు ఇంకో అవకాశం ఇస్తారు. నవ్వేవాళ్ళు అప్పటికే వేరే మనిషిని చూసుకుని ఉంటారు.

అక్క తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది.

6, బుధవారం

అక్క ఇవాళ కూనిరాగం తీస్తూ వంట చేసింది. ఏం చూసుకుని అంత ఆనందం?

7, గురువారం

పొద్దున్నే నేనే బయల్దేరాను. స్క్రూగేజి సంచిలో వేసుకున్నాను. ఇక ఎవరి మాటా నమ్మదలచుకోలేదు.

ముందు దగ్గులాయన షాపుకి. ఆయన దగ్గాడంటే తర్వాత వచ్చేది అబద్ధమని ఈ వీధిలో అందరికీ తెలుసు. "పాయింట్ సిక్సా?" అని దగ్గాడు. "ఇప్పుడెవరూ వాడట్లేదమ్మా. ఇది తీసుకో, లోపల మందు నింపిన వైరు. గ్యాస్ కూడా అక్కర్లేదు." ఆరుబయట గేట్లు అతకడానికి అది మంచిదే, నేనే వాడాను. దాని వేడికి మాత్రం మా రేకు అగ్గిపుల్ల తగిలిన కాగితమే. ఆ సంగతి చెబితే మళ్ళీ దగ్గాడు.

వస్తూ వస్తూ అడిగాను. "మొన్న మా అక్క వచ్చి ఏం అడిగింది?"

"పాయింట్ సిక్సే అడిగిందమ్మా. లేదంటే చాలాసేపు నిలబడింది, ఎక్కడ దొరుకుతుందని అడిగింది. నాకు తెలీదన్నాను."

ఈ ముక్క మాత్రం దగ్గకుండా చెప్పాడు. అదే నాకు నచ్చలేదు. ముందుగా మాట్లాడుకుని ఉంటే తప్ప ఆ మనిషికి అంత నున్నగా మాట రాదు.

తర్వాత పెద్ద షాపు. అక్కడ డబ్బా మీద పాయింట్ సిక్స్ అని ఉంది, గేజి కూడా అదే చెప్పింది. కానీ చుట్ట విప్పితే వేలికి తుప్పు అంటింది. ఎన్నేళ్ళు మూల పడేశారో! తుప్పు పట్టిన వైరు మెషిన్ గొట్టంలో రాలి మొత్తం మూసేస్తుంది. వద్దన్నాను. "ఆడవాళ్ళకి ఇన్ని తెలుసా" అన్నాడు అక్కడి కుర్రమేనేజరు. "ఇంకా చాలా తెలుసు, చెప్పమంటావా?" అన్నాను. బిల్లు పుస్తకంలో తల దూర్చేశాడు.

ఇంక కాళ్ళు పీకుతుంటే కార్ల డెంట్లు తీసే ఆయన గుర్తొచ్చాడు. కారు తలుపులూ రేకులే కదా, ఆయనకి సన్న వైరు ఎక్కణ్ణుంచి వస్తుంది? అడిగితే చెప్పడానికి కాస్త నసిగాడు, అందరికీ తెలిస్తే తనకి మిగలదని భయం. బస్సుల గ్యారేజి వెనక సందులో చిన్న కొట్టు. కిలో చుట్టలు, రాగిపూతతో తళతళలాడుతున్నాయి. అక్కడే కొలిచాను. మూడు చోట్ల కొలిచాను. కొట్టు ముసలాయన చూసి చూసి "బంగారమైనా ఇలా గీటు పెట్టి కొనరమ్మా" అన్నాడు.

పాయింట్ సిక్స్. మూడు చోట్లా పాయింట్ సిక్స్. దార్లో రెండుసార్లు సంచిలో చెయ్యి పెట్టి ఉందో లేదో చూసుకున్నాను.

8, శుక్రవారం

ఆయన ఎడమచేత్తో, పంటితో కష్టపడి చుట్ట మెషిన్లోకి ఎక్కించారు. నేను సాయం వస్తానంటే వద్దన్నారు. మా మామగారు బతికుండగా పెట్టిన పద్ధతి అది. వైరు ఎక్కించే మనిషి అతికే గన్ను పట్టకూడదు, గన్ను పట్టే మనిషి మెషిన్ పక్కతలుపు తీయకూడదు. పని ఇద్దరి చేతుల మీద నడిస్తే ఒకరి తప్పు ఇంకొకరికి దొరుకుతుందని ఆయన నమ్మకం. ఇదివరకు బావగారు ఎక్కించేవారు, ఈయన అతికేవారు. ఇప్పుడు ఈయన ఎక్కిస్తారు, నేను అతుకుతాను.

"రోలర్ తిప్పారా?" అని అడిగాను. వైరుని తోసే రోలర్‌కి రెండు గాడులుంటాయి, ఒకటి సన్న వైరుకి, ఇంకోటి లావు వైరుకి. ఈయనే ఒకప్పుడు నాకు చెప్పారు.

"నాకే చెప్తున్నావా?" అన్నారు.

సిగ్గేసింది. రేకు పని అంటే నాలుగు వీధుల అవతలి నుంచి ఈయన కోసం వచ్చేవాళ్ళు. అలాంటి మనిషిని పట్టుకుని అడగాల్సిన మాటేనా అది! చెయ్యి బాగోనప్పుడు మాటలు ఆచితూచి మాట్లాడాలి. ఇకమీదట అడగను.

మెషిన్ ఆన్ చేశాను. వైరు కాస్త వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. వెక్కిళ్ళు పట్టిన మనిషి మాట్లాడినట్టుంది. ఆగినప్పుడు గన్ను మూతికి అంటుకుపోతుంది. రేకు మీద అన్నీ పిట్టరెట్టలే.

మూడుసార్లు కొలిచి తెచ్చిన వైరు. నిన్న సాయంత్రం నుంచి ఇవాళ పొద్దుటి దాకా అది స్టోరులో ఉంది. స్టోరు తాళాలు ఎవరి దగ్గరుంటాయి?

9, శనివారం

అక్క చుట్ట మార్చేస్తుందేమోనని చుట్ట అంచున గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఆయనకి కూడా.

ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. నేను పడతాను.

10, ఆదివారం

చుక్క అలాగే ఉంది. వైరు అదే. అయినా వెక్కిళ్ళు.

మధ్యాహ్నం నేను కిందికి దిగేసరికి అక్క మెషిన్ దగ్గర నుంచి వస్తోంది. చేతిలో నూనె మరకల గుడ్డ. నన్ను చూసి ఆగింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"దుమ్ము తుడుస్తున్నా. ఎవరైనా తుడిచారా ఈ మధ్య?"

చుట్ట మార్చాల్సిన పనేముంది? వైరుకి నూనె రాస్తే చాలు, రోలర్ పట్టు జారిపోతుంది. నాకు ఆ ఆలోచన ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు! వైరు వేలితో రాసి చూశాను. నూనె తగల్లేదు. అంటే మళ్ళీ తుడిచేసి ఉంటుంది, అందుకే గుడ్డ.

ఆయనకి చెప్పాను. ఆయన ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే వంచుకుంటూ విన్నారు. "వదిన అలా చేస్తుందా?" అన్నారు. అంతే. చేయదు అని మాత్రం అనలేదు.

11, సోమవారం

అడిగేశాను. అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు అడిగేశాను. ఇంక ఆపుకోవడం నావల్ల కాలేదు. శనివారం ముంచుకొస్తోంది.

"అక్కా, నేను ఆ బల్ల దగ్గర ఉండటం నీకు ఇష్టం లేకపోతే సూటిగా చెప్పు. వైరు పాడుచేయడం ఎందుకు?"

అక్క కూర గిన్నె కింద పెట్టింది. "ఏమన్నావు?"

మొత్తం చెప్పాను. లేబుల్, పాయింట్ ఎయిట్, షాపాయన మాట, గుడ్డ. చెప్తున్నప్పుడు అన్నీ గొలుసుకట్టుగా చక్కగా కలిశాయి. బావగారు తినడం ఆపేశారు. మా ఆయన తల ఎత్తకుండా ఎడమచేత్తో చెంచా తిప్పుతూ ఉన్నారు.

అక్క ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి నా కంచం పక్కన పెట్టింది. "నువ్వే చూసుకో. స్టోరూ నువ్వే, బల్లా నువ్వే" అంది. సాయంత్రానికి బట్టలు సర్దుకుని తన తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు లేకపోతే వెళ్ళిపోవడం ఎందుకు?

12, మంగళవారం

వంట నేనే చేశాను. కూరలో ఉప్పు ఎక్కువైంది. అందరూ మజ్జిగతో సరిపెట్టుకున్నారు. అక్క లేదు, వైరుని ముట్టుకునేవాళ్ళు లేరు. అయినా వెక్కిళ్ళే.

ముందే రాసిన నూనె గొట్టం లోపల ఉండిపోయిందేమో.

13, బుధవారం

బావగారు అక్కని బతిమాలి తీసుకురావడానికి వెళ్ళారు. రాకపోతే ఇవాళ అక్కడే ఉండిపోతానన్నారు. మా ఆయన చెయ్యి చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళారు. పదకొండింటికి వైరు లోపలే చుట్టుకుపోయి మొత్తం ఆగిపోయింది. షెడ్డులో నేను ఒక్కదాన్నే. శనివారానికి మిగిలింది రెండు రోజులు.

మామగారికి మనసులో దణ్ణం పెట్టుకుని పక్కతలుపు తీశాను.

చిక్కు పడిన వైరు కత్తిరించి తీసేశాను. రోలర్ మీద బయటికి ఏ అంకె కనిపిస్తే ఆ గాడి వాడకంలో ఉన్నట్టు. కనిపిస్తున్న అంకె ఎనిమిది.

లావు గాడిలో సన్న వైరు! పట్టు ఎక్కడుంటుంది? జారడం కాక ఏం చేస్తుంది? ఎల్‌కీతో మర విప్పి రోలర్ తిప్పి బిగించాను. ఆరు బయటికొచ్చింది. తలుపు మూసి గన్ను పట్టుకున్నాను.

ఒక్క వెక్కిలి లేదు. సన్నగా, ఒకే చప్పుడుతో, నూనెలో వేగుతున్నట్టు వచ్చింది. ఒక అల్మారా మూల మొత్తం అతికేశాను. చిల్లు లేదు, రెట్ట లేదు. చల్లారాక వేలితో తడిమి చూసుకున్నాను. నేను ఒక్కదాన్నే షెడ్డులో నిలబడి గట్టిగా నవ్వాను.

ఆయన మర్చిపోయి ఉంటారు. ఒంట్లో బాగోలేని మనిషి, ఎడమచేత్తో అంత పని చేస్తూ చిన్న సంగతి మర్చిపోవడంలో వింతేముంది? సాయంత్రం ఆయన వచ్చాక "ఇవాళ వైరు బాగా వచ్చిందండీ" అన్నాను. తలుపు తీశానని చెప్పలేదు, పద్ధతి తప్పానని బాధపడతారు. ఆయన ఆ మూల దగ్గర నిలబడి అతుకుని చాలాసేపు చూశారు. "ఊఁ" అన్నారు. సరిగా తినలేదు. చెయ్యి నొప్పి అయి ఉంటుంది.

14, గురువారం

రోలర్ మళ్ళీ ఎనిమిది మీద ఉంది.

14, గురువారం, మధ్యాహ్నం

ముందు అక్కే అనుకున్నాను. అది కూడా రాసుకుంటున్నాను, నా బుద్ధి ఏమిటో నాకు తెలియాలి కదా. పొద్దున వెక్కిళ్ళు మొదలవగానే తలుపు తీసి ఆ ఎనిమిది చూసి, నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "అక్క". కానీ అక్క ఊరికి అవతల తమ్ముడింట్లో ఉంది. బావగారూ రాలేదు. తాళంచెవులు మా గదిలో మేకుకి ఉన్నాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. అందులో ఒకరు నేను.

ఆయన్ని కిందికి పిలిచాను. ఏమీ అనకుండా తలుపు తీసి చూపించాను.

"ఎవరు తిప్పారండీ?"

"ఏమో."

"ఏమో అంటే? మర ఎవరు విప్పారు?"

రంగు డబ్బా మీద కూర్చున్నారు. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. "గేట్లు ఎవరైనా చేస్తారే. రేకు పని అంటే నా పేరు చెప్పేవాళ్ళు. అది కూడా నీకు వచ్చేస్తే..."

"వస్తే?"

"నేనెందుకు ఇంక? తలుపు తీసి వైరు ఎక్కించడానికా?" అన్నారు. మళ్ళీ ఆయనే అన్నారు. "వానలు పడేలోపు బాగవుతుందని మీ అందరికీ చెప్పింది అబద్ధం. ఈ వేళ్ళు ఇక మూసుకోవని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. నిన్న వెళ్ళింది ఆసుపత్రికి కాదు. ఊరికే తిరిగాను."

నాకు జాలి వేయాలి. వేసింది కూడా. కానీ దానికంటే ముందు కోపం వచ్చింది. "బయటి వెల్డర్ వస్తే మీకు బాగుంటుందా? మీ పెళ్ళానికి రాకూడదు కానీ ఎవడికో వస్తే ఫరవాలేదా?" అన్నాను. బయటివాడితో పోల్చి ఆయన్ని ఎవరూ తక్కువ చేయరు, అది నాకూ అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా మండింది.

"వదిన మీద అంత నింద పడుతుంటే పక్కనే కూర్చుని తిన్నారు కదండీ. ముద్ద ఎలా దిగింది?"

అప్పుడు తల ఎత్తారు. "నేను వదిన పేరు ఎప్పుడైనా చెప్పానా? నువ్వే చెప్పావు."

నిజమే. ఆయన చేసింది రోలర్ తిప్పడం. మిగతా కథంతా నేను అల్లాను.

15, శుక్రవారం

ఆయన ఎడమచేత్తో రోలర్ తిప్పి, ఆరు నాకు కనపడేలా పక్కకి జరిగారు. నేను వంగి చూశాను. అప్పుడే గన్ను పట్టుకున్నాను. రోజంతా అతికాను. సాయంత్రం బావగారు ఒక్కరే తిరిగొచ్చారు, అక్క రానందట.

16, శనివారం

పాస్ అయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆయన అల్మారా తలకిందులు చేసి, లోపల టార్చి వేసి, మూలల్లో గోరుతో గీకి చూశాడు. నాకంటే అనుమానం మనిషి. చివరికి "బాగుంది" అన్నాడు. బావగారు నా తల మీద చెయ్యి పెట్టారు. "తమ్ముడి చేతి పని నీకు వచ్చేసిందమ్మా" అన్నారు. మా ఆయన పక్కనే ఉన్నారు. నవ్వారు. ఆ నవ్వు చూడలేకపోయాను.

"ఇంతకీ లోపం ఎక్కడుంది?" అని అడిగారు బావగారు.

"ముందు అక్కకి చెప్పాలి బావగారూ. తర్వాత మీకు" అన్నాను.

బల్ల నాదయింది. ఇన్నాళ్ళూ ఈ మాట రాసుకోవాలని ఎంత అనుకున్నానో. రాశాను. సంతోషంగా ఉంది. లేదని రాస్తే అబద్ధం.

17, ఆదివారం

అక్క దగ్గరికి బయల్దేరుతుంటే "నేనూ రానా?" అన్నారు మా ఆయన. రమ్మన్నాను. దారంతా నాకు రెండడుగులు వెనకే నడిచారు.

అక్క తమ్ముడింటి వరండాలో బట్టలు మడతపెడుతోంది. మమ్మల్ని చూసి మడత ఆపలేదు. నేను నోరు తెరిచేలోపే ఆయన గుమ్మంలో నిలబడి చెప్పేశారు. "వదినా, రోలర్ తిప్పింది నేను. నువ్వు కాదు, వైరు కాదు. నేనే." అని, చెయ్యి సంగతి కూడా చెప్పారు. డాక్టరు అన్నమాటతో సహా. అన్నయ్యకి ఇంకా చెప్పలేదన్నారు.

అక్క లేచి వచ్చి ఆయన కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు తెరిచి చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పిచ్చివాడా. ముందే చెప్పొద్దూ?" అంది. "లోపలికి పద, టీ పెడతాను." అంతే. ఇంత నింద మోసిన మనిషి ఆయన్ని అంత తేలిగ్గా క్షమించేసింది.

నేనూ వెనకే వెళ్ళాను. వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం. జరిగిందంతా చెప్పాను, దాచకుండా. తలుపు తీయడం, ఎనిమిది అంకె కనిపించడం, ఆయన మర్చిపోయి ఉంటారనుకుని మళ్ళీ తిప్పి ఊరుకోవడం. "తప్పయిపోయిందక్కా. ఇంటికి రా" అన్నాను.

అక్క స్టవ్ మీద పాలు చూస్తూ ఉంది. నా వైపు తిరగలేదు.

"కళ్ళముందు రోలర్ కనిపించినా నీ మొగుడు మర్చిపోయి ఉంటాడనుకున్నావు కదూ" అంది.

"అవునక్కా."

"నా విషయంలో ఒక్కసారైనా అలా అనుకున్నావా? మర్చిపోయి ఉంటుంది, పొరపాటు పడి ఉంటుంది, పాపం ఏం కష్టమొచ్చిందో అని. ఒక్కసారి?"

అబద్ధం చెప్పొచ్చు. అనుకున్నానక్కా, కోపంలో నోరు జారానక్కా అనొచ్చు. ఆమె ఇంటికి వచ్చేసేదేమో కూడా.

"లేదక్కా. అనుకోలేదు" అన్నాను.

అక్క తల ఊపింది. టీ మూడు కప్పుల్లో పోసింది. ఒకటి ఆయనకి తీసుకెళ్ళింది, ఒకటి తను తీసుకుంది. నాది గట్టు మీదే ఉంచేసింది. కాసేపు చూసి నేనే తీసుకుని తాగాను.